చావింట ఒకటే మాట

"సారీ"ని స్పానిష్‌లో ఏమంటారని నన్ను అడగకండి. ఇరవై ఏళ్లు ఓపిగ్గా చెప్పాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే చిర్రెత్తుకొస్తుంది. అయినా ఈ కథ అక్కడే మొదలవుతుంది కాబట్టి ఈ ఒక్కసారికి చెప్తాను. బస్సులో ఎవరి కాలో తొక్కితే "దిస్కుల్పె" అనాలి. ఒకరింట్లో చావు జరిగితే "లో సియెంతో" అనాలి, మీ బాధే నా బాధ అని. తప్పు చేసి, ఆ తప్పు నాదే, క్షమించండి అని అడగాలంటే "పెర్దోన్" అనాలి. ఆ దేశాల్లో కాస్త అటూ ఇటూ వాడుకుంటారు గానీ, మనసులో ఉన్నది సూటిగా చెప్పాలంటే ఇంతే. ఇంగ్లీషువాడికి అన్నిటికీ ఒకటే మాట. మనవాళ్లూ దాన్నే పట్టుకుని, పుట్టినరోజు మర్చిపోయినా సారీ, మనిషి ప్రాణం తీసినా సారీ అంటున్నారు.

నా పేరు నూకరత్నం. మాది విశాఖపట్నం, జాలారిపేట. మా నాన్న బోటు డ్రైవరు. చేపలమ్ముకునే వాళ్ల పిల్లకి స్పానిష్ ఎందుకే అని నవ్వినవాళ్లే, మధురవాడ ప్రయోగశాల నుంచి నాకోసం కారు వస్తుంటే "మా నూకరత్నం" అనడం మొదలుపెట్టారు. నేనూ గొప్పలు పోయాను. ఎందుకు పోను? గొంతుపట్టీ తయారుచేస్తున్నది అప్పటికి మేమొక్కళ్లమే.

గొంతుపట్టీ అంటే రెండు వేళ్ల వెడల్పు గుడ్డపట్టీ. మా పెద్ద, డాక్టర్ హైమవతి గారు కనిపెట్టింది. మనిషి ఒక మాట పైకి అనేటప్పుడు, ఆ మాట వెనకాల ఉన్న మాటలు కూడా గొంతులో సగం సగం కదిలి ఆగిపోతాయట. పైకి వినపడవు గానీ కండరం కదులుతుంది. "సారీ" అంటున్న మనిషి గొంతులో "అయ్యో పాపం" కదులుతోందా, "నా వల్లే" కదులుతోందా పట్టీ పసిగడుతుంది. దాన్నిబట్టి సరైన స్పానిష్ మాట ఎంచుకుని, అదే మనిషి గొంతుతో పలుకుతుంది. ఓడల్లో పనివాళ్లంతా ఇంగ్లీషు మాట్లాడతారు. దక్షిణ అమెరికా రేవుల్లో అందరూ స్పానిష్. ఆ మధ్యలో పడే ఇబ్బంది తీర్చడానికే ఒక ఓడల కంపెనీ మాకు పని ఇచ్చింది.

మొదట్లో మేము పరీక్షకు పిలిచినవాళ్లలో మందాకిని గారని ఒక రిటైర్డు బ్యాంకు ఆఫీసరు ఉండేవారు. బొద్దుగా, నవ్వుతూ, వచ్చినప్పుడల్లా జంతికలు తెచ్చేవారు. ఒకరోజు ఆవిడకి పట్టీ కట్టి, "మీ స్నేహితురాలి తల్లి పోయిందనుకోండి. పరామర్శించండి" అన్నాను. ఆవిడ గోడకేసి చూసి "ఐయామ్ సారీ" అన్నారు. స్పీకర్లోంచి ఆవిడ గొంతే "పెర్దోన్" అంది.

"ఏమందమ్మా అది?" అన్నారు.

"తప్పు ఎంచుకుందండీ. క్షమించమని అంది."

ఆవిడ మొహంలో రక్తం లేదు. "తప్పు కాదు," అన్నారు. "మా సరళ వాళ్ల అమ్మ మా ఇంటికి నాలుగు వీధుల అవతల హాస్పిటల్లో ఇరవై రోజులు ఉంది. రేపు వెళ్దాం రేపు వెళ్దాం అనుకున్నాను. దహనానికి వెళ్లాను." అని పట్టీ పీకేసి బల్ల మీద పడేసి, బాత్రూంలోకి వెళ్లి చాలాసేపు రాలేదు. మళ్లీ మా ప్రయోగశాలకీ రాలేదు. జంతికల డబ్బా నేనే వాళ్లింటికి పంపాను.

అలాంటివి వారంలో ఏడు జరిగాయి. చచ్చిపోయినవాళ్ల విషయంలో తప్పు చేయనివాళ్లు ఎవరున్నారు? పరామర్శకని నోరు తెరిచిన ప్రతివాళ్ల చేతా పట్టీ క్షమాపణ అడిగిస్తోంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. పొద్దున్న పదింటికి టీ కప్పులతో ముగ్గురం ఒక బల్ల చుట్టూ చేరేవాళ్లం. హైమవతి గారు, కంపెనీ తరఫున వచ్చే ఒక ఆయన, నేను. పట్టీ ఎక్కడ చిక్కుపడిందో ఆ మాట తీసుకుని, ఎప్పుడు ఏ అర్థం ఎంచాలో నియమం రాసి, ముగ్గురం సంతకాలు పెట్టేవాళ్లం. దాన్ని అర్థాల బల్ల అనేవాళ్లం. పేరుకి ముగ్గురమే గానీ స్పానిష్ వచ్చింది నాకొక్కదానికే. నా కలం కదిలితే మిగతా రెండూ కదిలేవి.

"సారీ" బల్ల మీదికి వచ్చిన రోజు కంపెనీ ఆయన గొంతు సవరించుకున్నాడు. "మా ఓడల మీద అప్పుడప్పుడు ప్రమాదాలు జరుగుతాయి. మావాడు మర్యాదకి సారీ అంటే, మీ యంత్రం తప్పు మాదే అని చెప్పేస్తే కోర్టులో మా గతేంటి?" అన్నాడు.

ఆయన కోసం నేను ఆ నియమం రాయలేదు. మందాకిని గారి కోసం రాశాను. అప్పుడు అలాగే అనుకున్నాను, ఇప్పటికీ అంతేనని నన్ను నేను నమ్మించుకుంటూ ఉంటాను. చావింట్లో పాత లెక్కలు తవ్వుకోవడం ఏం మర్యాద? పైకి అన్న మాటల్లో గానీ గొంతులో కదిలే మాటల్లో గానీ మరణం ప్రస్తావన ఉంటే, దాంతోపాటు ఇంకేం కదిలినా సరే, "సారీ"కి "లో సియెంతో" అనే పలకాలి అని రాశాను. పైన శీర్షిక కూడా పెట్టాను: చావింట ఒకటే మాట. పెద్ద ఆరిందాలా ఎర్రసిరాతో గీత కూడా గీశాను. హైమవతి గారు చదివి, "మంచి మనసమ్మా నీది" అన్నారు.

పట్టీలు ఓడలెక్కాయి. మూడు నెలలకి మా తమ్ముడు ఎల్లాజీ పెరూ నుంచి ఫోన్ చేశాడు.

ఎల్లాజీ ఓడ మీద క్రేను నడుపుతాడు. నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. అమ్మ పోయాక నేనే పెంచాను. మా పేటలో అక్కని అప్ప అంటాం. ఆ రోజు ప్రయోగశాల చూడ్డానికి ఢిల్లీ నుంచి పెద్దలు వచ్చారు. నేను పట్టుచీర కట్టుకుని వాళ్లకి ఒక్కో గదీ చూపిస్తున్నాను. ఫోన్ మూడుసార్లు కట్ చేసి, నాలుగోసారి వరండాలోకి వెళ్లి ఎత్తాను.

"అప్పా, నా సేతిలో మనిసి పోనాడే."

"ఏట్రా? ఏటంటున్నావు?"

"పైపుల కట్ట దించుతున్నాను. కిందోడు సెయ్యూపితే దించాల. ఊపేడనుకున్నాను. ఊపనేదప్పా. గాలొచ్చి కట్ట ఊగిందని కెప్టెను రాసుకున్నాడు. గాలీ నేదు, గీలీ నేదు. నాను తొందరపడ్డాను."

పోయినవాడి పేరు ఎవరిస్తో. ఇరవై ఆరేళ్లు. రేవు పక్క వీధిలోనే ఇల్లు, తల్లి ఉంది. పేరు రొసాల్బా. ఎల్లాజీ ఆ ఇంటికి వెళ్తానని పట్టుబట్టాడు. మా పేటలో అంతే. బోటు మీద ఎవరి పొరపాటుతో మనిషి పోతే వాడే ఆ ఇంటికి వెళ్లి, లోపలివాళ్లు పిలిచేదాకా వాకిట్లో నిలబడాలి. కొడితే కొట్టించుకోవాలి, తిడితే పడాలి. దాక్కున్నవాడితో కలిసి వేటకి ఎవరూ వెళ్లరు. కంపెనీ ఏజెంటు ముందు ఒప్పుకోలేదు. చివరికి ఒక షరతు పెట్టాడు, పట్టీ కట్టుకుని వెళ్లాలి, "సారీ" తప్ప ఇంకో మాట అనకూడదు.

"అప్పా, నీకా బాస వొచ్చు గదా. తప్పయిపోనాది, సెమించమ్మా అని ఆళ్ల బాసలో ఎలగంతారో ఒక్క ముక్క సెప్పు. నానే అంతాను."

లోపలి నుంచి నన్ను పిలుస్తున్నారు. నేనన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఒరే, నీ నోటికి తిరగదురా అది. పట్టీ కట్టుకో. నువ్వు సారీ అను చాలు, నీ కడుపులో ఉన్నదంతా అదే చెప్పేస్తుంది. నీ అప్ప చేసిందిరా అది, నమ్ము."

"అలగేనప్పా," అన్నాడు వాడు.

ఆ నిమిషంలో నేను రాసిన నియమం నాకు గుర్తు రాలేదు. ఒట్టు. ఎలా మర్చిపోయావమ్మా అని మీరు అడగొచ్చు. అడగండి, నేనూ రోజూ అడుగుతూనే ఉన్నాను.

తర్వాత జరిగింది వాడు ఇంటికొచ్చాక చెప్పాడు. ఎండలో రెండు గంటలు ఆ వాకిట్లో నిలబడ్డాడట. ఇరుగుపొరుగు గుమిగూడారు. ఎవరో రాయి విసిరితే ఆ తల్లే బయటికొచ్చి వాళ్లని కసిరిందట. వచ్చి వీడి ముందు నిలబడి, వీడి మొహంలోకి చూస్తూ ఆగింది. వీడు చేతులు జోడించి, "సారీ అమ్మా, ఐయామ్ సారీ" అన్నాడు. ఎన్నిసార్లు అన్నాడో వాడికే తెలియదు. పట్టీ వీడి గొంతుతో ఏదో చెప్తోంది, అంతా చెప్పేస్తోందనుకున్నాడు. ఆవిడ మొహం ముడుచుకుపోయింది. ఏదో అని లోపలికెళ్లి తలుపేసుకుంది. అప్పట్లో మా పట్టీ ఇటునుంచి అటే చెప్పేది, అటునుంచి ఇటు చెప్పేది కాదు. ఏమందని వీడు ఏజెంటుని అడిగితే, "వద్దంటోంది, పద" అన్నాడట.

"సెమించనేదప్పా. సెమించకపోడం ఆయమ్మ అక్కు," అన్నాడు ఎల్లాజీ.

వాడు మళ్లీ ఓడెక్కలేదు. ఫిషింగ్ హార్బర్లో ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. మా ఇంటికొస్తే ఫ్యాను కింద కూర్చునేవాడు కాదు, కుర్చీ గోడవారకి లాక్కునేవాడు. పిల్లలెవరైనా ఫ్యాను కింద ఆడుకుంటుంటే వాళ్లనీ ఇవతలికి లాగేవాడు. వాడి భార్య లచ్చిమి నా చేతులు పట్టుకుని, "నువ్వైనా సెప్పొదినా, ఆ తల్లి వొద్దంటే వొద్దంది, ఆడెన్నాళ్లిలగుంతాడు?" అనేది. నేను కూడా చెప్పాను. "నీ వంతు నువ్వు అడిగావు. ఆవిడ ఇవ్వకపోతే నువ్వేం చేస్తావు?" అని వాడికి బుద్ధులు చెప్పాను.

ఎనిమిది నెలల తర్వాత పాత పట్టీలు ఓడల నుంచి మా దగ్గరికి తిరిగొచ్చాయి. వాటిలో దాచుకున్న మాటలన్నీ విని, పట్టీ ఎక్కడ ఒప్పో ఎక్కడ తప్పో చూడటం నా పని. మధ్యాహ్నం భోజనం చేసి, మజ్జిగ గ్లాసు పక్కన పెట్టుకుని వింటున్నాను. చెవుల్లో ఎల్లాజీ గొంతు పలికింది. "సారీ అమ్మా."

తెర మీద రెండు వరసలుంటాయి. గొంతులో కదిలినదానికి సరిపోయే స్పానిష్ మాట మొదటి వరస, పట్టీ పైకి పలికిందేమిటో రెండో వరస. మొదటి వరసలో పదకొండుసార్లు "పెర్దోన్" అని ఉంది. రెండో వరసలో పదకొండుసార్లు "లో సియెంతో". పక్కన, చావింట ఒకటే మాట, ఆమోదం నూకరత్నం.

ఆ తల్లి అన్నది కూడా పట్టీ దాచింది. ఎల్లాజీకి అర్థం కానిది, నాకు అర్థమయ్యేది. "బాధపడుతున్నావా? కెప్టెనూ బాధపడుతున్నాడు. ఏజెంటూ బాధపడుతున్నాడు. నీ బాధ నేనేం చేసుకోను నాయనా? ఇంతసేపు నిలబడ్డావు, ఇంకేదో అడగడానికి వచ్చావనుకున్నాను."

ఆ ముక్క ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టలేదు. హైమవతి గారి గదిలోకి వెళ్లి ఆవిడకి వినిపించి, నియమం కొట్టేయమన్నాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "కొట్టేస్తే మందాకిని గారి లాంటివాళ్ల సంగతేంటి రత్నం? కంపెనీ ఒప్పుకుంటుందా? ఎనభై ఓడల మీద ఉంది అది. అయినా ఆ రోజు నువ్వేగా..." అని మధ్యలో ఆపేశారు. పాపం, పుండు మీద కారం చల్లడం ఆవిడ ఉద్దేశం కాదు. నియమం ఇవాళ్టికీ ఉంది. నేనే అక్కడ లేను.

ముందు ఎల్లాజీకి చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ తల్లి చేత క్షమించాననిపించి, ఆ మాట మూటగట్టుకెళ్లి వాడి చేతిలో పెడదామనుకున్నాను. అక్కడి రేవు కార్మికుల సంఘం వాళ్లని బతిమాలితే రొసాల్బా నంబరు ఇచ్చారు. ఇక్కడ సాయంత్రం, అక్కడ పొద్దున్న. ఫోనెత్తగానే వెనకాల ఏదో వేగుతున్న చప్పుడు వినిపించింది.

నేనెవరో చెప్పాను. పట్టీ సంగతి, నియమం సంగతి, నా సంతకం సంగతి, అన్నీ చెప్పాను. "ఆ రోజు మావాడు మిమ్మల్ని క్షమించమనే అడిగాడమ్మా. పదకొండుసార్లు అడిగాడు. మీ దాకా రానివ్వనిది నేను," అన్నాను.

ఆవిడ పొయ్యి కట్టేసినట్టుంది, చప్పుడు ఆగింది. "ఇప్పుడు మాట్లాడుతున్నది యంత్రమా, నువ్వా?" అంది.

"నేనేనమ్మా."

"ఆ రోజు అడిగి ఉంటే ఇచ్చేసేదాన్ని," అంది ఆవిడ. "రెండు గంటలు కిటికీలోంచి చూశాను అతన్ని. నీడలోకి కూడా జరగలేదు. సగం అప్పుడే ఇచ్చేశాను. మిగతాదానికి అతను ఒక్క మాట అనాలి. నోరు తెరిచి, అందరూ అన్నదే అన్నాడు."

"ఇప్పుడు ఇవ్వలేరా అమ్మా?"

"ఇప్పుడు నాకు తెలియదు. ఎనిమిది నెలలు పొద్దున్నే లేచి అతన్ని తిట్టుకుంటూ వంట చేసుకున్నాను. దాని మీదే బతికాను. నువ్వొచ్చి అతను అలాంటివాడు కాదంటున్నావు. నేనేం చెయ్యను ఇప్పుడు?" ఏడుస్తోందేమో అనుకున్నాను, లేదు. "ఇంతకీ ఇది అతనికి తెలుసా?"

"ఇంకా చెప్పలేదమ్మా."

"అతనికి చెప్పకుండా నాకు చెప్తున్నావా! అప్పుడూ అతని బదులు నువ్వే మాట్లాడావు, ఇప్పుడూ నువ్వే మాట్లాడుతున్నావు. ఫోన్ పెట్టెయ్. మాట్లాడాలనుకుంటే అతన్ని మాట్లాడమను."

మర్నాడు ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాను. ఎల్లాజీ గోనెసంచి కప్పుకుని ఐసు దిమ్మలు బండికెక్కిస్తున్నాడు. పక్కకి పిలిచి, నిలబడే చెప్పాను. కూర్చుంటే మధ్యలో ఆగిపోతానని భయం.

"మరైతే ఆయమ్మకి నా మాట అందనేదా?" అన్నాడు చివరికి.

"అందలేదురా."

"ఎనిమిది నెల్లప్పా." "నా మాట ఇనేకే వొద్దందనుకున్నాను. నాను మనిసినే కాననుకున్నాను. నువ్వు మాయింటికొచ్చి కూకుని, నీ వంతు నువ్వడిగేవురా అన్నావు."

"నాకప్పటికి తెలియదురా."

"నీ సేత్తో రాసిందే గదా. నీకు తెల్దా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు, నేను అన్నం కలిపి పెట్టినవాడు. వాడి ముందు చేతులు జోడించాను. "తప్పయిపోయిందిరా ఎల్లాజీ. నన్ను క్షమించరా."

వాడు నా చేతులు పట్టుకుని కిందికి దించాడు. వాడి చేతులు ఐసులా చల్లగా ఉన్నాయి. "నువ్వడిగేవు, నాను ఇన్నాను. ఇప్పుడింకేటీ అడక్కు," అన్నాడు. తర్వాత, "ఆయమ్మ నంబరియ్యి" అన్నాడు.

"నేను పక్కనుంటాను. నువ్వు తెలుగులో చెప్పు, నేను ఉన్నదున్నట్టు..."

"నువ్వొద్దు."

వాడు కబురు పెడితే సాయంత్రం ఆరుకి సింహాద్రి వచ్చాడు. ముసలివాడు, నలభై ఏళ్లు ఓడల మీద తిరిగి ఆ రేవుల్లో బేరాలాడీ తగువులాడీ కొంత స్పానిష్ నేర్చుకున్నాడు. ఇద్దరూ ఐసు దిమ్మల మీద కూర్చున్నారు. సింహాద్రి ఒక్కో మాటా చెప్తుంటే వీడు బళ్లో పిల్లాడిలా అప్పజెప్తున్నాడు. "పెర్దోన్" అనే మాటని ఇద్దరూ కలిసి ఖూనీ చేస్తున్నారు. దిద్దుదామని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి ఊరుకున్నాను.

ఫోన్ తీసుకుని ఇద్దరూ లోపలి గదిలోకి వెళ్లారు. మిషన్ల మోతలో ఏమీ వినపడలేదు. పావుగంటకి బయటికొచ్చారు. ఎల్లాజీ మొహం కడుక్కుని వచ్చినట్టు తడిగా ఉంది. సింహాద్రి నాకేసి చూసి, "ఏటంటే నూకరత్నం, ఆయమ్మా..." అని మొదలుపెట్టాడు. ఎల్లాజీ అతని భుజం మీద చెయ్యి వేశాడు. ముసలాయన ఆగిపోయాడు.

"పొద్దుపోనాది. ఇంటికెల్లప్పా," అన్నాడు ఎల్లాజీ. కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాడు.

ఇది జరిగి రెండేళ్లయింది. వాడు మా ఇంటికి పండక్కొస్తాడు, భోంచేస్తాడు, నా బీపీ మాత్రల గురించి అడుగుతాడు. నెలకోసారి పెరూకి ఫోన్ చేస్తాడని లచ్చిమి చెప్పింది. ఏం మాట్లాడుకుంటారో ఆమెకీ తెలియదట. ఆ రోజు ఆ తల్లి ఏమందో వాడు నాకు చెప్పలేదు. మా పేట మొత్తానికి ఆ భాష బాగా వచ్చింది నాకొక్కదానికే. నేను అడగలేదు.